పదకొండు కాపీలు

గ్రిమ్స్‌బీలో చేపల వాసన రాని వీధి లేదు.
మా రికార్డుల షాపులోనూ అంతే,
అట్ట మీద ముక్కు పెడితే ముందు సముద్రం,
తర్వాతే సంగీతం.

తొంభై మూడు, నవంబరు.
టైడ్ క్లర్క్స్ రెండో ఆల్బం వచ్చింది.
ఇరవై దించుకున్నాం. పదకొండు అమ్మాను.
తప్పు చేసినవాడికి
లెక్కలు బాగా గుర్తుంటాయి.

మొదటి ఆల్బంకి ఊరంతా మేనమామే.
ఆఖరి బస్సు మీద వాళ్ళు కట్టిన పాటని
స్కూలు పిల్లలు బస్సులోనే పాడేవాళ్ళు
డ్రైవరు తిట్టేదాకా.
ఇది రెండో పెళ్ళి.
రెండో పెళ్ళికి బాజాలెవరు పెడతారు,
బాజా వాళ్ళదే అయినా?

వలలు అల్లే పాత మేడ మీద రికార్డు చేశారట.
హీటరు వేస్తే ఆంప్‌లో బుయ్యిమని మోత,
ఆపితే వేళ్ళు కొయ్యబారేవి.
ఆపేశారు.
అందుకే ఆ పాటలన్నీ
చేతులు చంకల్లో దోపుకుని నడుస్తున్నట్టుంటాయి.
ఫిన్‌లే రడ్ గొంతు పెంచడు,
పక్కింటికి వినపడకుండా
అప్పు అడుగుతున్నట్టు పాడతాడు.
హెస్టర్ కాబ్ డ్రమ్ము వెంట్రుకవాసి ఆలస్యం.
ఆ ఆలస్యంలోనే ఉంది అంతా.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను.
అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, అన్నీ తెలుసు.
"కోరస్ ఏది?" అన్నాను.
ఆరు పోయాక మిగిలినవాటిని
యాభై పెన్నీల పెట్టెలో పడేశాను,
వ్యాయామం రికార్డులకీ
ఎవరో బిషప్పు ప్రసంగాలకీ మధ్య.

తక్కిన ఐదూ ఒక్కావిడే కొంది.
శుక్రవారం శుక్రవారం, జీతం రోజు,
చేపలు కోసే షెడ్డు నుంచి తిన్నగా
తెల్ల గమ్‌బూట్లతో.
ఒకసారి తలకి స్కార్ఫు, ఒకసారి వేరే కోటు,
పోల్చుకోలేననుకుంది కాబోలు.
పొలుసు అంటిన ముంజేతిని ఎక్కడ దాస్తుంది?

మొదటిసారి యాభై పెన్నీలు చాలన్నాను.
"ధర తప్పు వేశావు నాయనా"
అని ఎనిమిది పౌండ్లు
చిల్లరతో సహా లెక్కపెట్టి బల్ల మీద ఉంచింది.
నేను ధర దిద్దలేదు.
ఆమే మానలేదు.

బేసు వాయించే ఆల్విన్ స్కెల్టన్ తల్లి అని
నాకు తెలుసు.
తెలియనట్టు రసీదు రాసిచ్చాను, ఐదుసార్లూ.
ఆ ఏడాది నేను చేసిన మర్యాద అదొక్కటే.

మార్చిలో బ్యాండు విడిపోయింది.
గొడవేం లేదు, వ్యాను చెడింది.
రడ్ ఇప్పుడు తాళాలు బాగుచేస్తాడు.
హెస్టర్ నార్వేలో ఎక్కడో.
ఆల్విన్ సంగతి
నేనడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పోయిన వసంతంలో
డోరీన్ స్కెల్టన్ ఇల్లు ఖాళీ చేసిన పెట్టెలు
ధర్మదుకాణానికి వచ్చాయి.
మంగళవారాలు అక్కడ ధరలు అంటించేది నేనే.
(అవును, ఇంకా అదే పని.)
ఉన్ని టోపీలు, మూత లేని టీ కూజా,
అడుగున ఐదు రికార్డులు.
నాలుగింటికి సీలు విప్పలేదు.
ఐదోదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను,
ఎనిమిది పౌండ్లు డబ్బాలో వేసి.

రెండో వైపు, రెండో పాట.
గిటార్లు ఆగిపోయి బేసు ఒక్కటే నడిచే చోటుంది,
పట్టుమని పన్నెండు సెకన్లు.
ఆల్విన్ అక్కడ ఒక స్వరం తప్పుతాడు,
తప్పినదాన్నే మళ్ళీ వాయించి
ఒప్పు చేసుకుంటాడు.
దీపం కింద వంచి చూస్తే
ప్లేటంతా నల్లగా నిగనిగలాడుతోంది,
ఆ సన్నటి పట్టీ మాత్రం బూడిదరంగు.
గడప అరిగినట్టు అరిగింది.
ముల్లు ఎత్తి, వెనక్కి పెట్టి,
ఎత్తి, వెనక్కి పెట్టి,
ముప్పై ఏళ్ళు.

దించాను.
గిటార్లు ఆగాయి.
బేసు రాలేదు.
మూకుడులో చినుకులు పడ్డట్టు చిటపట,
అంతే, పన్నెండు సెకన్లూ.
అక్కడిప్పుడు వినపడేది
ఆమె చెయ్యి.

మిగతా నాలుగూ దుకాణం కిటికీలో పెట్టాను.
నిన్న ఒక కుర్రాడు వచ్చి
అట్ట తిరగేసి, మరగేసి,
రెండుకిస్తావా అన్నాడు.
ఎనిమిది, అన్నాను.
వెళ్ళిపోయాడు.
శుక్రవారం మళ్ళీ రావచ్చు.